మూడో తరానికి ఇంటిపేరు

ఆ ఉదయం వెన్‌తాయ్ చేతిలో మూడు ఉన్నాయి. నిన్న సాయంత్రం ఠాణాలో మనవడిని లాయ్ ఇంటిపేరుతో ఎక్కించి ముద్ర వేయించుకొచ్చిన కుటుంబ పుస్తకం ఒకటి. వాడిని తమ వంశ పుస్తకంలో రాసుకుంటామని లాయ్ వంశపు పెద్దలిచ్చిన మాట రెండోది. ఇంట్లో ఇంకా ఎవరికీ తెలియదన్న ధీమా మూడోది.

ఎనిమిదిన్నరకల్లా మూడోది పోయింది.

నడిమింట్లో, పూర్వీకుల పేర్లు చెక్కిన పలకలుంచిన ఎత్తుబల్లకు ఎదురుగా, అత్తగారు కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంది. ఎనభై రెండేళ్ల మనిషి. చేతికర్ర ఒడిలో అడ్డంగా పెట్టుకుంది. పొద్దుట గంజి ముట్టలేదు. బల్ల మీద కొత్త ఎర్రకాగితపు లాంతరు ఉంది. మగపిల్లాడు పుడితే వంశ మందిరంలో వేలాడదీసే లాంతరు. దాని మీద ఇంకా ఏమీ రాయలేదు.

"లాంతర్లవాడు వచ్చాడు," అంది ఆవిడ. "అవ్వా, మునిమనవడి లాంతరు మీద ఏ ఇంటిపేరు రాయమంటారు అని అడిగాడు. ఈ ఇంటి లాంతరు మీద ఏ ఇంటిపేరు రాయాలని నన్నడిగిన మగాడు ఇంతవరకూ లేడు."

వెన్‌తాయ్‌కు అర్థమైంది. లాంతర్లవాడి కూతురు ఠాణాలో గుమాస్తా. ఆ సంగతి ముందే తలుచుకోకపోవడం తన తప్పే. ముప్పై ఏళ్లుగా ఎండు పుట్టగొడుగులు అమ్ముతున్నవాడు. సరుకు ఊరు దాటేలోపే కబురు నాలుగూళ్లు దాటుతుందని తనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఎవడ్రా వాడు, లాయ్ యీహెంగ్?" ముసలావిడ గొంతు పెంచింది. "నా మునిమనవడి ఉయ్యాల్లో వాడెవడో పడుకున్నాడట. లేపి పంపించండి."

"మీ మునిమనవడే అమ్మా. నాకూ మనవడే."

"నా మునిమనవడైతే వాడి ఇంటిపేరు యౌ."

"మూడో తరం అమ్మా. మూడో తరంలో తిరిగి వెళ్లొచ్చని కాగితం మీద ఉంది."

చొక్కా లోపలి జేబులోంచి మడత పెట్టిన ఎర్రకాగితం తీశాడు. ముప్పై నాలుగేళ్ల నాటిది. మడతల దగ్గర చిరిగితే జిగురు పెట్టి అంటించాడు. తను ఇరవై నాలుగేళ్ల వయసులో ఈ ఇంటికి ఇల్లరికం వచ్చిన రోజున రాసుకున్న కాగితం. ఆనాటి నుంచీ అతను లాయ్ కాదు, యౌ. అత్తగారిని అత్తయ్యా అనకూడదు, అమ్మా అనాలి. పిల్లలు అమ్మమ్మను నాయనమ్మా అనాలి. అన్నీ అనుకున్న మాట ప్రకారం జరిగాయి.

"చదవనా? మొదటి కొడుకు యౌ. రెండో కొడుకు పుడితే లాయ్. పుట్టకపోతే, మూడో తరంలో మొదటివాడు లాయ్ ఇంటిపేరుకు తిరిగి వెళ్లవచ్చు. ఇది మామగారి వేలిముద్ర. ఇది నాది. నాకు ఇద్దరాడపిల్లలు, ఒక్క కొడుకు. వాడిని మీకిచ్చాను. వాడి కొడుకును నేను తీసుకుంటున్నాను."

"తీసుకుంటున్నాడట!" ఆవిడ కర్ర నేలకేసి కొట్టింది. "ఆ కాగితం రాసిన పూట మీ అమ్మ ఈ గుమ్మంలో ఎలా నిలబడిందో గుర్తుందా? గోడ పట్టుకుని నిలబడింది. తిండిలేక కాళ్లు సొరకాయల్లా ఉబ్బి ఉన్నాయి. నాలుగు గంపల ఎండు చిలగడదుంపలు ఇచ్చాం. ఆ కరువులో నాలుగు గంపలంటే నాలుగు ప్రాణాలు."

"గుర్తుంది. అందుకే ముప్పై నాలుగేళ్లు యౌ అని పిలిస్తే పలికాను. మీ పొలం దున్నాను. మీ ఆయనకు కొడుకునై కర్మ చేశాను. మా నాన్న సమాధి మీద గడ్డి పెరుగుతుంటే మీ మామగారి సమాధి ఊడ్చాను. నాలుగు గంపలకు ఇంకా ఎంత కొలవాలమ్మా?"

వంటింట్లో గిన్నెలో గుడ్లు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు వినబడుతోంది.

"ఇంకో మాట," అన్నాడు వెన్‌తాయ్. అనకుండా ఉంటే బాగుండేది. కానీ బేరంలో నోరు జారడం మొదలైతే ఆగదు. "యౌ, యౌ అని మీరు గుండెలు బాదుకుంటారు. మీరు పుట్టింది యౌ వాళ్లింట్లోనా? మీరు షూ వాళ్ల పిల్ల. మీ సమాధి మీద కూడా షూ అనే చెక్కుతారు. ఈ ఇంట్లో మీరెంత బయటివారో నేనూ అంతే."

ముసలావిడ కళ్లు చిన్నవయ్యాయి.

"అవును, బయటిదాన్నే. ఇంట్లో పుట్టినవాడు ఆదమరిచి నిద్రపోతాడు. బయటినుంచి వచ్చినదే మేలుకుని కాపలా కాస్తుంది. నేను అరవై నాలుగేళ్లుగా మేలుకునే ఉన్నాను."

*

వంటింట్లో అతని భార్య బీహ్వా పీట మీద కూర్చుని గుడ్లకు ఎర్రరంగు వేస్తోంది. ఎల్లుండి పిల్లాడికి నెల నిండుతుంది. ఊరంతా పంచడానికి రెండు వందల గుడ్లు. ఆమె వేళ్లు మణికట్టు దాకా ఎర్రగా ఉన్నాయి.

"నాకు చెప్పి ఉండొచ్చుగా," అంది తలెత్తకుండా.

"చెబితే ఒప్పుకునేదానివా?"

"లేదు."

"మరింకేం?"

"నాకు చెప్పి, నేను కాదన్నాక వెళ్లి చేసి ఉంటే, నీతో పోట్లాడేదాన్ని. ఇప్పుడు పోట్లాడే వీలు కూడా లేకుండా చేశావు."

వెన్‌తాయ్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. "మీ నాన్న మాటిచ్చాడు బీహ్వా."

"మా నాన్న మాటిచ్చాడు, మా అమ్మ మరిచిపోలేదు, నువ్వు కాగితం దాచావు. అందరూ జాగ్రత్తపరులే. నేనొక్కదాన్నే ఇన్నాళ్లూ ఇది కాపురం అనుకున్నాను."

ఆమె ఒక గుడ్డు తీసి గుడ్డతో తుడిచింది. రంగు సరిగా పట్టలేదని మళ్లీ నీళ్లలో వేసింది.

పక్కగదిలో కోడలు సూఛిన్ ఉంది. బాలింత. నెల నిండేదాకా గాలి సోకకూడదని కిటికీలకు దుప్పట్లు కట్టారు. తలకు తువ్వాలు చుట్టుకుని, పిల్లాడిని ఒళ్లో పెట్టుకుని, అన్నీ వింటూ ఉంటుంది. కొడుకు లారీలో సరుకేసుకుని గ్వాంగ్‌ఝౌ వెళ్లాడు. వెళ్లేముందు అడిగితే, నీ ఇష్టం నాన్నా అన్నాడు. సూఛిన్‌ను ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు.

*

పది గంటల బస్సులో లాయ్ బింగ్‌ఖున్ దిగాడు. వెన్‌తాయ్ పెదనాన్న కొడుకు, లాయ్ వాళ్ల వంశ పుస్తకం కూర్చే బాధ్యత నెత్తిన వేసుకున్న మనిషి. చంకలో నీలంగుడ్డ మూట. అందులో అచ్చుకు వెళ్లవలసిన పేజీ.

లాయ్ పుస్తకం చివరిసారి అచ్చయింది వెన్‌తాయ్ పుట్టకముందు. ముప్పై ఏళ్లకోసారి వేయాల్సింది. యుద్ధం, కరువు, పుస్తకాలు తగలబెట్టిన రోజులు, అన్నీ దాటి ఇప్పటికి కుదిరింది. పేజీలు రేపు మధ్యాహ్నం అచ్చుకు వెళతాయి. మళ్లీ ముప్పై ఏళ్లకు గానీ ఎవరూ దాన్ని ముట్టుకోరు. అప్పటికి వెన్‌తాయ్ ఉండడు.

ఆ పేజీ అతను ఇప్పటికే ఒకసారి చూశాడు. పైన తాత పేరు. కింద తండ్రి పేరు. ఆ కింద చిన్నతనంలోనే పోయిన అన్న, పక్కన తను. తన పేరు పక్కన సన్నగా 'వెళ్లిపోయాడు' అని ఉంది. దాని కింద ఖాళీ. మనవడి పేరు అక్కడ పడకపోతే, ఆ ఖాళీలో ఒకే మాట అచ్చవుతుంది: 'ఆగింది'. తాత, తండ్రి, అందరూ ఆ ఒక్క మాటతో ఆగిపోతారు.

"లాయ్ వాళ్లబ్బాయి వచ్చాడు, టీ పోయండి," అంది ముసలావిడ కుర్చీలోంచి. "సరుకు మోసుకుపోవడానికి వచ్చినవాడికి దాహం వేస్తుంది."

"దండాలు పెద్దమ్మా," అన్నాడు బింగ్‌ఖున్.

"నేను నీకు పెద్దమ్మనెప్పుడయ్యాను?"

బింగ్‌ఖున్ నవ్వుతున్నట్టు పళ్లు కనబరిచి, బల్ల మీద మూట విప్పాడు. వెన్‌తాయ్ కుటుంబ పుస్తకం తెచ్చి పక్కన పెట్టాడు. రెండూ పక్కపక్కన చేరేసరికి అతని గుండె కాస్త కుదుటపడింది. మాట ఉంది, ముద్ర ఉంది. ఇక అరిచేవాళ్లు అరుస్తారు.

"చెప్పు తమ్ముడూ." బింగ్‌ఖున్ కలం మూత తీశాడు. "పిల్లాడి పేరు యీహెంగ్. తండ్రి షావ్‌బిన్, యౌ ఇంట పెరిగాడు, అది రాద్దాం. తల్లి ఇంటిపేరు?"

"లువో."

కలం కాగితానికి వేలెడు దూరంలో ఆగింది.

"ఏ లువో?"

"కొండవతల లువో వాళ్లే. పుట్టగొడుగులు పెంచుతారు. నాకు సరుకు వేసేది వాళ్లే."

బింగ్‌ఖున్ కలం మూత పెట్టేశాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"లువో పిల్లను తెచ్చుకోమని నీకెవడు చెప్పాడు తమ్ముడూ?"

"ఎందుకు? మంచి కుటుంబం..."

"మంచి కుటుంబమే. మన కుటుంబమే! లాయ్, లువో, ఫూ. మీ నాన్న నీకు ఏమీ చెప్పలేదా? రాజ్యం పోయిన రోజున ఒక్క తండ్రి బిడ్డలు మూడు దారుల్లో పారిపోయారు. ఒకడు పోయిన రాజ్యం పేరునే ఇంటిపేరుగా పెట్టుకుని లాయ్ అయ్యాడు. మిగతావాళ్లు ప్రాణభయంతో లువో అనీ ఫూ అనీ మార్చుకున్నారు. రెండున్నర వేల ఏళ్లయింది. ఉత్తరాన పుట్టి, నదులు దాటి ఈ కొండలకొచ్చారు, ఇక్కడ్నుంచి ఓడలెక్కి మలయా వెళ్లారు. ఎంత దూరం పోయినా మన ఊరి లాయ్ వాడు లువో పిల్ల చెయ్యి పట్టుకోలేదు. ఈ పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగెయ్. ఒక్కటి చూపించు. తల్లి లువో అని రాస్తే పెద్దలు పిల్లాడిని ఎక్కించనివ్వరు."

వెన్‌తాయ్‌కు తెలుసు. పిల్లప్పుడు తల్లి ఒడిలో విన్నాడు. ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

సంబంధం చూసిన రోజు కళ్ల ముందు మెదిలింది. ఆనాడు అతను పెళ్లిళ్ల పేరమ్మను ఒకే ప్రశ్న నాలుగుసార్లు అడిగాడు: పిల్ల షెన్ వాళ్లమ్మాయి కాదు కదా? యౌ వాళ్లూ షెన్ వాళ్లూ ఒకే రక్తం. వెయ్యేళ్ల కిందట ఈ సీమనేలిన రాజు పేరు, తమ ఇంటిపేరు ఒకేలా పలుకుతున్నాయని షెన్ వాళ్లలో కొందరు భయపడి యౌ అయ్యారు. అందుకని షెన్ పిల్లను తేకూడదు. పక్కా యౌ వాడిలా ఆలోచించాడు. యౌ వాడిలా జాగ్రత్తపడ్డాడు. లాయ్ వాడు అడగాల్సింది అడగలేదు.

అరువుకు తొడుక్కున్న చొక్కా ఒంటికి అంటుకుపోయిందని అప్పుడు అర్థమైంది.

"దారి లేకపోలేదు," అన్నాడు బింగ్‌ఖున్ దగ్గరికి జరిగి. "అమ్మాయిని లిన్ అని రాద్దాం. లిన్ వారి ఆడపడుచు. ఈ సీమలో చెన్‌లూ లిన్‌లూ కలిస్తే సగం జనం. రాయి విసిరితే ఒక లిన్‌కు తగులుతుంది. ఏ లిన్ అని ఎవడు వెతుకుతాడు?"

"రాసెయ్ అన్నయ్యా," అన్నాడు వెన్‌తాయ్ వెంటనే.

పక్కగది తెర కదిలింది.

*

సూఛిన్ గడప దాటి నడిమింట్లోకి వచ్చింది. తలకు తువ్వాలు, భుజాన పిల్లాడు. నెల నిండకుండా బాలింత గది దాటితే ఇంటికి మంచిది కాదంటారు. బీహ్వా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"లోపలికి వెళ్లమ్మా, గాలి తగులుతుంది."

"తగలనివ్వండి అత్తయ్యా." సూఛిన్ వెన్‌తాయ్ వైపు తిరిగింది. "మామయ్యా, మీ పుస్తకంలో నా పేరు రాస్తారా?"

"ఆడవాళ్ల పేర్లు రాయరమ్మా. ఇంటిపేరు రాస్తారు."

"అంతేగా. సూఛిన్ అని రాయరు. తొమ్మిది నెలలు మోశానని రాయరు. నాకంటూ ఆ పుస్తకంలో దక్కేది మా నాన్న ఇంటిపేరు ఒక్కటి. దాన్ని కూడా పీకేసి లిన్ అని పెడతారా?"

"ఒక్క అక్షరం అమ్మాయ్," అన్నాడు బింగ్‌ఖున్.

"ఒక్క అక్షరమే అయితే మీదే మార్చుకోండి పెదమామయ్యా. మీరే లిన్ అయిపోండి. రాయి విసిరితే తగులుతుందిగా!"

ముసలావిడ నవ్వింది. పళ్లు లేని నోటితో, భుజాలు కదిలేలా, మనసారా నవ్వింది. అందరూ అటు తిరిగారు.

"ఎందుకమ్మా నవ్వు?" అంది బీహ్వా.

"పెళ్లిళ్ల పేరమ్మను ఈ ఇంటికి పిలిపించింది ఎవరనుకున్నావు? మీ ఆయనా?" ఆవిడ కళ్లు తుడుచుకుంది. "సరుకు వేసే ఇల్లు, మాట మీద నిలబడే మనుషులు, మా వెన్‌తాయ్ చెవిలో వేయవే అని చెప్పింది నేను. మూడో తరం కాగితం నీ జేబులోనే ఉంటుందా వెన్‌తాయ్? నా బుర్రలో ఉండదా? లువో పిల్ల ఈ గడప తొక్కిన రోజునే లాయ్ పుస్తకం మూతపడింది. షెన్ కాదు కదా, షెన్ కాదు కదా అని నువ్వు అడుగుతుంటే ఆ గోడవతల నిలబడి విన్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది నాకు."

వెన్‌తాయ్ కుర్చీ కోసం చెయ్యి చాపాడు. కుర్చీ దొరకలేదు. నిలబడే ఉన్నాడు.

జీవితంలో ఎందరితోనో బేరమాడాడు. తడిసిన సరుకును పొడిదని అంటగట్టాలని చూసిన దళారులను వాసనతో పట్టుకున్నాడు. ఈ ఇంట్లో, ఈ కుర్చీలో కూర్చున్న మనిషిని మాత్రం ఎన్నడూ బేరగత్తెగా చూడలేదు.

కానీ ఆ మాటకు అతనికంటే ముందు తెల్లబోయింది సూఛిన్.

"నాయనమ్మా," అంది నెమ్మదిగా. "నేను నచ్చి తెచ్చుకున్నారనుకున్నాను."

"నచ్చావు కూడాలే."

"నన్ను కోడలిగా తేలేదు. తలుపుకు గడియగా తెచ్చారు." ఆమె బల్ల దగ్గరికి వెళ్లి కుటుంబ పుస్తకం తీసి చంకలో పెట్టుకుంది. ఎవరూ ఆపలేదు. "ఇందులో నా కొడుకు పేరుంది. వాళ్ల నాన్న గ్వాంగ్‌ఝౌ నుంచి వచ్చాక మా ఇంటికి రమ్మనండి. ఏం పేరు ఉంచాలో, ఏం మార్చాలో మేమిద్దరం చూసుకుంటాం."

"మీ ఇల్లేమిటి? ఇదే నీ ఇల్లు," అన్నాడు వెన్‌తాయ్.

"మా నాన్నకు కొడుకుల్లేరు మామయ్యా. అది కూడా గుర్తుపెట్టుకోండి. లువో వాళ్లకూ పుస్తకం ఉంది."

ముసలావిడ నవ్వు ఆగిపోయింది. ఈ దారి ఆవిడ కూడా ఊహించలేదు.

"బీహ్వా! ఆపు దాన్ని!"

బీహ్వా వంటింట్లోకి వెళ్లి తన దూది కోటు తెచ్చింది. కోడలి భుజాల మీద కప్పి, పిల్లాడి తల మీదికి అంచు లాగింది. ఆమె వేళ్ల ఎర్రరంగు కోటుకు అంటింది.

"మలుపు దగ్గర మూడు చక్రాల బండి ఉంటుంది," అంది. "నెమ్మదిగా నడపమను. పిల్లాడి చెవులు కప్పు."

సూఛిన్ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, గుమ్మం దిగిపోయింది.

*

పన్నెండు గంటల బస్సుకు ఇరవై నిమిషాలుంది. బింగ్‌ఖున్ పేజీ ముందు పెట్టుకుని బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు.

"ఏం రాయమంటావు తమ్ముడూ? నేను ఖాళీగా పట్టుకెళితే పెద్దలు వాళ్లే 'ఆగింది' అని రాస్తారు."

వెన్‌తాయ్ ఎత్తుబల్ల మీది పలకల వైపు చూశాడు. ముప్పై నాలుగేళ్లు వాటి ముందు మోకరిల్లాడు. వాటిలో ఒక్కటి కూడా తనది కాదు. గుమ్మం బయట బండి చప్పుడు దూరమవుతోంది.

"నా పేరు పక్కన ఏముంది?"

"వెళ్లిపోయాడు."

"అది కొట్టెయ్. తిరిగొచ్చాడు అని రాయి."

"నిజంగానా? అలా రాస్తే ఈ ఇంటి పుస్తకంలో నిన్ను కొట్టేస్తారు. నీ కొడుకు ఇక్కడే, నువ్వు అక్కడ."

"రాయి. కింద మనవడి చోటు ఖాళీగా వదిలెయ్. ఆగింది అని రాయనివ్వకు. ఇంకా తేలలేదని చెప్పు."

బింగ్‌ఖున్ కలం ఎత్తి, బీహ్వా వైపు చూశాడు. "తిరిగొచ్చినవాడి భార్యను కూడా రాయాలి. యౌ వారి ఆడపడుచు అని..."

"నన్ను రాయకండి," అంది బీహ్వా.

"బీహ్వా," అన్నాడు వెన్‌తాయ్.

"నేను ఎక్కడికీ వెళ్లలేదు, తిరిగి రావడానికి. ఈ ఇంట్లో పుట్టాను, ఈ ఇంట్లోనే ఉన్నాను. వచ్చిందీ నువ్వే, పోతున్నదీ నువ్వే." ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. గుడ్ల చప్పుడు మళ్లీ వినబడలేదు.

కలం కాగితం మీద గీసుకుంటున్న చప్పుడు మాత్రం వినబడింది. రాయాల్సింది చిన్నమాటే. త్వరగా అయిపోయింది. బింగ్‌ఖున్ ఊది సిరా ఆరబెట్టి, మూట కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా బస్సు కోసం పరుగుతీశాడు.

వెన్‌తాయ్ అత్తగారి వైపు తిరిగాడు. ఇన్నేళ్ల అలవాటున అమ్మా అనబోయి ఆగాడు.

"అత్తయ్యా," అన్నాడు.

ఆ పిలుపు విని ముసలావిడ కర్ర ఊతంతో లేచి నిలబడింది. పైట సర్దుకున్నట్టుగా జాకెట్టు బొత్తాలు సర్దుకుని, ఈ ఇంటికి పరాయి ఊరి పెద్దమనిషి వస్తే ఎలా తల వంచుతుందో అలాగే తల వంచింది.

"లాయ్ గారూ," అంది. "పొద్దెక్కింది. భోంచేసి వెళ్లండి."

ఆమె స్వయంగా కుర్చీ లాగి చూపించింది. తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీ. అతిథుల కుర్చీ. ముప్పై నాలుగేళ్లలో అతను దాంట్లో ఎన్నడూ కూర్చోలేదు.

వెన్‌తాయ్ కూర్చున్నాడు. అంత ఆడి గెలుచుకున్నది ఇది: లాయ్ పుస్తకంలో తన పేరు పక్కన ఒక చిన్న మాట, దాని కింద అరచెయ్యంత ఖాళీ, యౌ వారింట ఒక పూట విందు.